ఒకరు పైన, ఒకరు వ్యాను కింద

మన లాండ్రీ పెరటి నుంచి,
సోమవారం, రాత్రి

అత్తా,

"ఇక్కడ అంతా క్షేమం" అని మొదలుపెట్టడం లేదు. ఇక్కడ క్షేమం లేదు, లేనిది రాయడం నాకు చేతకాదు.

నీ వ్యానును ఇవాళ ఫిట్‌నెస్ పరీక్షలో తిప్పి పంపేశారు. "నీ వ్యాను" అన్నానని నవ్వకు. కాగితాల మీద ఇంకా నీ పేరే ఉంది. పాసయితే మాది, తప్పితే నీది. పిల్లల విషయంలో నువ్వూ మామయ్యా అలాగే పంచుకునేవాళ్ళుగా.

ఇన్‌స్పెక్టరు సీట్లో కూర్చుని స్టీరింగును ఇటూ అటూ ఊపాడు. జానెడు తిరిగినా ముందు టైర్లకు చీమ కుట్టినట్టు కూడా లేదు. "ఇది స్టీరింగా, ఉయ్యాలా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "కాంట్రాక్టరు గారి వ్యానైతే ఇంత ప్రేమగా ఊపుతారా సార్?" అన్నాను. ఆయన కాగితం చిరిగేంత గట్టిగా నొక్కి "తిరస్కరించడమైనది" అని రాసి, బాగు చేయించుకోవడానికి రెండు నెలలు గడువిచ్చాడు.

నీకు తెలియనిది కాదు. కాంట్రాక్టరు షెడ్డులో ఆవిరికి ఉడికిపోతూ, ఆయన దయ అయితేనే మంచినీళ్ళ బ్రేకు అన్నట్టు బతికిన ఏడుగురం ఆడవాళ్ళం బయటికి వచ్చి ఏడాది కాలేదు. ఆస్పత్రి దుప్పట్లు నేరుగా మనకే ఇస్తున్నారంటే అది ఆ ఏడుగురి రెక్కల బలం, నీ వ్యాను బలం. వ్యాను లేకపోతే దుప్పట్లు నడిచి రావు. ఈ రెండు నెలలూ కాంట్రాక్టరు చేత ఉతికిస్తామనీ, ఆ తర్వాత కూడా మన బండి రాకపోతే పని శాశ్వతంగా ఆయనకేననీ ఆస్పత్రి స్టోర్సు ఆఫీసరు చెప్పేశాడు. ఆయన నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వు మీద ఒక కరపత్రం రాయవచ్చు.

మొన్న ఫుట్‌పాత్ మీద కొన్న చిన్న పుస్తకంలో ఒక వాక్యం ఉంది: "పనిముట్టు ఎవరిదో పగ్గం వాళ్ళది." దాన్ని వ్యాను డాష్‌బోర్డు మీద సుద్దతో రాశాను.

టైర్ల షాపు అతను ఒక మాట చెప్పాడు. స్టీరింగు కింద ఇనుప పెట్టె ఉంటుందట, దాని మీద ఒక మర ఉంటుందట, బిగిస్తే వదులు పోతుందట. ఎలా బిగించాలో వెంటనే రాయి.

వదిన బాగానే ఉంది.

నీ మేనకోడలు

*

బస్సు డిపో, డ్యూటీలు వేసే గది,
శుక్రవారం

అగ్గిపుల్లా,

ఉత్తరం అందింది. చదువుతుంటే నా చేతులు కూడా కాలాయి. ఇక్కడ నాకు పని బాగానే ఉంది. మోకాలు క్లచ్ తొక్కనివ్వదు కాబట్టి, ఇప్పుడు కుర్చీలో కూర్చుని నలభై మంది డ్రైవర్లను తొక్కుతున్నాను.

ముందుగా ఒక మాట. ఆ మరను ముట్టుకోకు. టైర్ల షాపు వాడికి టైర్లు తెలుసు. అంతవరకే నమ్ము.

స్టీరింగంటే చక్రం ఒక్కటే కాదు. మనిషి భుజం దగ్గర నుంచి వేలి కొస దాకా అనుకో. చక్రం కింద ఒక రాడ్డు, రాడ్డు కింద ఆ పెట్టె, పెట్టెలోంచి బయటికి ఒక చెయ్యి, ఆ చేతికి రాడ్లు, రాడ్ల కొసల్లో కీళ్ళు, ఆ తర్వాత టైర్లు. వదులు వీటిలో ఎక్కడైనా ఉండొచ్చు. మోచేయి నొప్పికి భుజానికి కట్టు కడితే ఏమవుతుంది? అదే అవుతుంది ఆ మర బిగిస్తే.

ఎక్కడుందో పట్టుకునే పద్ధతి ఒక్కటే. ఇంజను ఆపు. టైర్లు నేల మీదే ఉండాలి. ఒకరు పైన సీట్లో కూర్చుని చక్రాన్ని కొద్దికొద్దిగా ఇటూ అటూ ఆడించాలి. ఒకరు వ్యాను కింద పడుకుని ఒక్కో కీలు మీద చెయ్యి వేసి చూడాలి. ముందు రాడ్డు కదిలి వెనక రాడ్డు ఆలస్యంగా కదిలితే దొంగ ఆ మధ్యలో ఉన్నట్టు. కళ్ళకంటే చెయ్యి బాగా చెబుతుంది.

ఆ మర అన్నిటికంటే ఆఖరున. అదీ టైర్లు తిన్నగా ముందుకు చూస్తున్నప్పుడే. ఆ పెట్టెలో పళ్ళు మధ్యలో బిగువుగానూ అంచుల్లో వదులుగానూ కూర్చుంటాయి. టైర్లు పక్కకు తిరిగి ఉండగా బిగించావనుకో, తిన్నగా రాగానే పట్టేస్తుంది.

ఇది ఇద్దరి పని. ఒక్కరి వల్ల కాదు. వదినను కూర్చోబెట్టుకో. అన్నట్టు, ఇన్‌స్పెక్టరు గురించి ఒక పేరా, స్టోర్సు ఆఫీసరు నవ్వు గురించి రెండు వాక్యాలు, వదిన గురించి రెండే మాటలు. ఎందుకో?

నిన్న ఒక పెద్దమనిషి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. టీ తాగి, వ్యాను ఆరోగ్యం ఎలా ఉందని అడిగి వెళ్ళాడు. పదకొండేళ్ళు నడిపినా నేనెప్పుడూ దాన్ని అంత ప్రేమగా అడగలేదు.

మీ అత్త

*

పెరటి నుంచి,
బుధవారం

అత్తా,

విజయం!

నువ్వు ఇద్దరి పని అన్నావు. నేను ఒక్కదాన్నే చేశాను. పరాధీనత ఒక అలవాటు అని చదివాను, ఆ అలవాటు మానేశాను. దుప్పట్లు ఆరేసే తాడు విప్పి ఒక కొస స్టీరింగుకు కట్టాను. కిటికీలోంచి బయటికి తీసి, రెండో కొస నా కాలి బొటనవేలికి కట్టుకుని వ్యాను కింద దూరాను. కాలు లాగితే చక్రం ఇటు తిరగాలి. అటు తిరగడానికి అవతలి వైపు ఒక ఇటుక వేలాడదీశాను. ఇటుక కట్టు తెగి బకెట్ మీద పడింది. బకెట్ సబ్బునీళ్ళు నా మీద పడ్డాయి. బొటనవేలు ఇంకా నీలంగానే ఉంది. అయినా అన్ని కీళ్ళూ తడిమి చూశాను, బాగానే ఉన్నాయి.

ఏదైతేనేం, స్టీరింగ్ బాగుపడింది. ఉయ్యాల కాదిప్పుడు, ఉక్కు. వెంట్రుకవాసి కూడా ఊగదు. కాకపోతే తిప్పడానికి భుజాలు నొప్పి పుడుతున్నాయి. మలుపు తిరిగాక చక్రం తిరిగిన చోటే బిగుసుకుని ఉండిపోతోంది, మనమే లాక్కుని వెనక్కి తేవాలి. కొత్త చెప్పు కరిచినట్టు ఉంది. నడిపితే సర్దుకుంటుంది.

గేటు స్తంభానికి ఒక గీత పడింది. అది పాత స్తంభం.

ఇన్‌స్పెక్టరు దగ్గరికి వచ్చే వారమే వెళ్దామనుకుంటున్నాను. గడువు దాకా ఆగడం భయస్తుల లక్షణం.

నీ పెట్టెలోని పళ్ళ కబుర్లు బాగున్నాయి. నువ్వు రాసిన ఆ పెద్దమనిషి ఎవరు?

నీ మేనకోడలు

*

డిపో నుంచి,
శనివారం, ఎక్స్‌ప్రెస్ పోస్టులో

అమ్మాయీ,

ఈ ఉత్తరం అందగానే వ్యాను తాళంచెవి తీసి మేకుకు తగిలించు. తగిలించాక మిగతాది చదువు.

తగిలించావా?

స్టీరింగ్ తనంతట తాను బిగుసుకోదు. ఆ మర బిగించావు. ఎక్కడ బిగించావో కూడా చెప్పనా? పెరట్లో. నీళ్ళ తొట్టెకూ గోడకూ మధ్య ఆ బండి పట్టాలంటే ముందు టైర్లను గోడ వైపు పూర్తిగా తిప్పి ఇరికించాలి. లాండ్రీ రాకముందు నుంచీ, పదకొండేళ్ళు నేనే ఇరికించాను. టైర్లు పక్కకు తిరిగి ఉండగా, పళ్ళు వదులుగా ఉన్నచోట, నీ కోపమంత గట్టిగా బిగించావు. ఇప్పుడు బండి తిన్నగా వెళ్ళాల్సిన చోట పెట్టె కొరుక్కుని కూర్చుంటోంది. మలుపు తర్వాత చక్రం వెనక్కి రాకపోవడం కొత్త చెప్పు కరవడం కాదే, కొరివితో తల గోక్కోవడం.

గేటు స్తంభానికి గీత పడిందా, స్తంభమే పడిందా?

ఇప్పుడు నేను దాచిన మాట. ఆ పెద్దమనిషి మీ కాంట్రాక్టరు. వ్యానును ముక్కల కింద కొంటానని వచ్చాడు. అది ముక్కలైతే మీరు ఏడుగురూ మళ్ళీ ఆయన షెడ్డుకే వస్తారని ఆయన లెక్క. తరిమేయలేదు. గడువయ్యాక రమ్మన్నాను. ఎందుకంటే నాకు నీ మీద అనుమానంగా ఉంది. ఇంజను గురించి అబద్ధమాడితే బండి ఆగిపోతుంది. బ్రేకు గురించి అబద్ధమాడినా బండి నిన్ను ముందే భయపెడుతుంది. స్టీరింగ్ గురించి అబద్ధమాడితే అది నీతో కలిసి అబద్ధమాడుతుంది, మలుపు దాకా.

నువ్వు నాకు ఇంకొక్క అబద్ధం రాస్తే బండి ఆయనకు అమ్మేస్తాను. నువ్వు ఆయన దగ్గర కూలి చేస్తూ నన్ను తిడుతూ బతికి ఉండడమే నాకు కావాలి.

వదినతో ఏం జరిగింది? ఈసారి స్తంభాన్ని గీత చేయకుండా రాయి.

అత్త

*

పెరటి నుంచి,
మంగళవారం

అత్తా,

నీ ఉత్తరం చించేశాను. మళ్ళీ అతికించి చదివాను. తాళంచెవి మేకుకే ఉంది.

స్తంభమే పడింది.

గేటు దగ్గర మలుపు తిరిగాక చక్రం వెనక్కి రాలేదు. లాగాను. రెండు చేతులతో వేలాడాను. వ్యాను తన దారిన తాను స్తంభం మీదికి నడిచింది. ఆ స్తంభం నీడలో రోజూ ఇస్త్రీ పెద్దమ్మ స్టూలు వేసుకుని కూర్చుంటుంది కదా. ఆ రోజు కంటి పరీక్షకు వెళ్ళింది. స్టూలు నుజ్జునుజ్జయింది. నేను ఆ ముక్కలు ఏరి బాయిలరు పొయ్యిలో వేశాను, ఎవరూ చూడకుండా. సాయంత్రం ఆమె వచ్చి "నా స్టూలేదే పిల్లా?" అంటే "ఏమో పెద్దమ్మా" అన్నాను. ఇప్పుడు అదీ చెప్పేశాను, ఆమెకూ. ఆమె "స్టూలు పోతే పోయింది, నువ్వు కూర్చో" అని తన పక్కన చాప జరిపింది. కొట్టి ఉంటే బాగుండేది.

వదిన సంగతి. పరీక్ష తప్పిన రోజు సాయంత్రం అందరం తొట్టె చుట్టూ కూర్చున్నాం. వదిన "ఈ రెండు నెలలూ కాంట్రాక్టరు వ్యానునే అద్దెకు అడుగుదాం, పని మన చేతిలోంచి జారకుండా ఉంటుంది" అంది. నేను లేచి నిలబడ్డాను. నేను లేచి నిలబడితే ఏమవుతుందో నీకు తెలుసు. "గొలుసు తెగినా మెడ తడుముకునే రకం మీరు" అన్నాను. అక్కడితో ఆగలేదు. వదినను "బానిస" అన్నాను, అందరి ముందూ. షెడ్డులోంచి అందరికంటే ముందు బయటికి నడిచింది ఆమే అత్తా. నేను ఆమె వెనకాలే నడిచాను.

వదిన తడిచేతులు కొంగుకు తుడుచుకుని వెళ్ళిపోయింది. మిగతావాళ్ళూ లేచారు. ఇప్పుడు ఇస్త్రీ పెద్దమ్మ తప్ప అందరూ కాంట్రాక్టరు షెడ్డులో రోజుకూలీకి వెళ్తున్నారు. అన్నయ్య పని మీద వేరే ఊళ్ళో ఉన్నాడు, లేకపోతే ఇద్దరి మధ్యా నలిగి పొడి అయ్యేవాడు. ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆమె నా కంచంలో అన్నం పెట్టి గోడతో "తినమనండి" అంటుంది. నేను గోడతో "తింటున్నానని చెప్పండి" అంటాను. పాపం, గోడ.

తాడూ ఇటుకా అందుకే. కూర్చోవడానికి మనిషి లేక.

మర వెనక్కి తిప్పి మొదట ఉన్నచోటే పెట్టాను. మళ్ళీ ఉయ్యాల. వదినకు ఏం చెప్పాలో తెలియడం లేదు. క్షమాపణ మీద కరపత్రం ఉందేమోనని వెతికాను. లేదు. ఎవరూ రాయలేదు.

వ్యాను అమ్మకు.

నీ మేనకోడలు

*

డిపో నుంచి,
శుక్రవారం

అగ్గిపుల్లా,

అమ్మను. ఈ ఉత్తరంలో ఒక్క గొప్పా లేదు, అందుకని.

వదిన దగ్గర ఉపన్యాసం ఇవ్వకు. క్షమాపణ కూడా నీ నోటి నుంచి ఉపన్యాసమే అవుతుంది. గోడను మధ్యలోంచి తీసేసి ఆమె ముఖం చూసి ఇంత మాత్రం చెప్పు: "నేనన్న మాట తప్పు. స్టీరింగ్ చూడాలి. ఒక్కదాని వల్ల కావడం లేదు." మూడు వాక్యాలు. నాలుగోది వస్తుంటే నాలుక కొరుక్కో.

ఇక పద్ధతి. వ్యానును పెరట్లోంచి తోసి బయట తిన్నగా నిలబెట్టండి. తోయండి, నడపకండి. కింద ఉన్నవాళ్ళే పెద్ద. వాళ్ళు "తిప్పు" అంటే తిప్పాలి, "ఆపు" అంటే ఆపాలి. పైన ఉన్నవాళ్ళకు మాట లేదు. "ఎందుకు" లేదు, "ఏం కనిపించింది" లేదు. చెయ్యి దేన్నో వింటున్నప్పుడు చెవిలో మాట పడితే రెండూ పోతాయి.

ఎవరు పైన, ఎవరు కింద అనేది వదిననే తేల్చనివ్వు.

మీ అత్త

*

వ్యాను ముందు సీటు నుంచి,
ఆదివారం

అత్తా, అత్తా, అత్తా!

దొరికాడు దొంగ! ఎక్కడున్నాడో ఇప్పుడే చెప్పను. నాకు జరిగిన వరసలోనే నీకూ జరగాలి.

మూడు వాక్యాలు చెప్పాను. వదిన బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టింది. "అంతేనా?" అంది. నాలుక కొరుక్కున్నాను, నిజంగానే, రక్తం వచ్చింది. "అంతే" అన్నాను. అప్పుడు నవ్వింది. "ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. అసలు మొగుడు ఊళ్ళో లేడు, ఈ సగంతోనే వేగలేక ఛస్తున్నాను. పద" అంది.

ఇద్దరం తోస్తే వ్యాను కదల్లేదు. వదిన వీధి చివరికి వెళ్ళి ఒక్క కేక వేసింది. సెలవు రోజు కదా, అందరూ ఇళ్ళలోనే ఉన్నారు. మిగతా ఐదుగురూ వచ్చారు. నాతో ఎవరూ మాట్లాడలేదు, కానీ భుజాలు వేశారు. ఇస్త్రీ పెద్దమ్మ ముందు నడుస్తూ "కుడికి, కుడికి, నా కొత్త స్టూలు జాగ్రత్త" అని అరుస్తోంది.

వ్యాను తిన్నగా నిలబడింది. నేను కిందికి దూరబోతే వదిన నా జడ పట్టుకుని ఆపింది.

"నువ్వు పైన."

"వదినా, నాకు కీళ్ళన్నీ తెలుసు, అత్త రాసింది..."

"తడి దుప్పట్ల మోపులో గుండుసూది ఎక్కడుందో చేత్తో పట్టేది ఎవరు?"

"నువ్వే."

"అయితే నువ్వు పైన. నోరు మూసుకుని."

ఎక్కి కూర్చున్నాను. వదిన పాత దుప్పటి పరుచుకుని కిందికి వెళ్ళింది. "తిప్పు" అంది. తిప్పాను. "ఆపు." ఆపాను. "కొద్దిగానే పిల్లా, రోలు తిప్పుతున్నావా?" తగ్గించాను. అత్తా, నా జీవితంలో అంత కష్టమైన పని చెయ్యలేదు. నా కాళ్ళ కింద ఏదో జరుగుతోంది, నాకు కనిపించడం లేదు, అడగకూడదు. తిప్పు, ఆపు, తిప్పు, ఆపు. ఐదుగురూ చుట్టూ నిలబడి నా ముఖం చూస్తున్నారు. ఒకామె "దీని నోటికి ఇవాళ సెలవు" అంది. పళ్ళు బిగపట్టాను.

ఎడమ చక్రం దగ్గర కీలు ఒకటి చిన్నగా కొట్టుకుంటోందని చెప్పింది. "ఇదే" అని లేవబోయాను. "దిగితే కాళ్ళు విరగ్గొడతాను. ఇది పిల్లదొంగ. ఇంత చిన్న కీలుకు అంత ఉయ్యాల రాదు. తిప్పు."

తిప్పాను.

ఇంకా చాలాసార్లు తిప్పించింది. తర్వాత వ్యాను కింద నుంచి ఎవరో మనిషిని పలకరిస్తున్నట్టు మెల్లగా అంది: "ఓరి నీ... తిప్పు. ఇంకోసారి తిప్పు. ఒసేయ్, పెట్టె ఊపిరి పీలుస్తోందే!"

పెట్టెలోపల కాదత్తా, పెట్టే! ఆ పెట్టెను బండి అడుగు చట్రానికి పట్టి ఉంచే నాలుగు బోల్టుల్లో ఒకటి అసలు లేదు. ఒకటి విరిగి తల మాత్రమే మిగిలింది. మిగతా రెండూ వదులు. నేను చక్రం తిప్పితే ముందు పెట్టె కదులుతోంది, దాని ముచ్చట తీరాక టైర్లు కదులుతున్నాయి. నేను తాడు కట్టుకుని కీళ్ళన్నీ తడిమాను, పెట్టె మీద చెయ్యి వెయ్యనే లేదు. పెట్టె కదులుతుందని ఎవరనుకుంటారు? అన్నీ దానికే కదా వేలాడుతున్నాయి!

వదిన బయటికి వచ్చింది. ముఖమంతా గ్రీజు. నేను దిగవచ్చునా అని అడిగాను. "ఇప్పుడు మాట్లాడు" అంది. ఏం మాట్లాడాలో తెలియక ఏడ్చాను. అందరూ ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు. ఎవరి మీద ఎవరికి కోపమో ఆ గొడవలో తప్పిపోయింది.

నీ మేనకోడలు

తా.క. అత్తయ్యా, కోడలిని రాస్తున్నాను. మీ మేనకోడలు అరగంట సేపు నోరు తెరవకుండా కూర్చుంది. సాక్ష్యానికి ఆరుగురం ఉన్నాం. బోల్టులు వేశాక ఇంకేం చెయ్యాలో రాయండి. ఈసారి ఉత్తరం నా పేరున రాయండి.

*

డిపో నుంచి,
గురువారం

నా కోడలికీ, పక్కన కూర్చుని భుజం మీదుగా చదువుతున్న అగ్గిపుల్లకూ,

మీ ఉత్తరం డ్యూటీ గదిలో పైకి చదివాను. "పెట్టె ఊపిరి పీలుస్తోంది" అన్నచోట నలభై ఏళ్ళ సర్వీసున్న డ్రైవరు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

బోల్టులు మార్చితే సరిపోదు. వదులు పెట్టె ఇన్నాళ్ళూ కొట్టుకుని రంధ్రాలను కోలగా అరగదీసి ఉంటుంది. వెల్డింగు మేస్త్రి చేత ఆ చోట మందపాటి ఇనుప పలక వేయించి, రంధ్రాలు గుండ్రంగా కొత్తగా తీయించండి. బోల్టులు గట్టి రకం అడగండి. ఎడమ కీలు కూడా మార్చండి, పిల్లదొంగను వదిలితే పెద్దదొంగ అవుతాడు.

ఆ తర్వాత టైర్ల చూపు. రెండు ముందు టైర్లూ ఒకే దారి చూస్తున్నాయో లేదో పొడవాటి తాడు లాగి చూడాలి. తాడు మీ దగ్గర ఉంది, దాన్ని ఈసారి ఎవరి బొటనవేలికీ కట్టకండి. వెనక టైరు నుంచి ముందు టైరు పక్కగా బిగించి పట్టుకుంటే వంకర మీకే కనిపిస్తుంది.

అన్నీ అయ్యాక, అన్నిటికంటే ఆఖరున, ఆ మర. టైర్లు తిన్నగా పెట్టి. పైన నట్టు వదులు చేసి మరను రవ్వంత తిప్పడం, చక్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూడడం. ఎక్కడా పట్టకూడదు. రెండు వేళ్ళ వెడల్పు వదులు ఉండనివ్వండి. పాత బండిలో అసలు వదులే లేని స్టీరింగును నమ్మకూడదు, అసలు తప్పే లేని మనిషిని నమ్మనట్టు.

అగ్గిపుల్లకు ఒక మాట. మలుపు తిరిగాక చక్రాన్ని లాక్కుని వెనక్కి తేకు. చేతుల పట్టు వదులు చెయ్యి. వదిలేయమనలేదు, వదులు చేయమన్నాను. టైర్లు తిన్నగా పరిగెత్తాలనే చూస్తాయి, వాటిని చూడనివ్వు. స్టీరింగ్ బాగుంటే చక్రం అదే వస్తుంది.

కాంట్రాక్టరు నిన్న మళ్ళీ వచ్చాడు, గడువు దాకా ఆగలేక. టీ ఇప్పించాను. వ్యాను కాగితాలు మీ ఏడుగురి సంఘం పేరున మార్చడానికి సంతకాలు పెట్టేశానని చెప్పాను. ఆయన టీ సగంలో వదిలేశాడు. మంచి టీ, పాపం.

సంతకాలు ఇందులోనే ఉన్నాయి.

మీ అత్త

*

ఆస్పత్రి గేటు బయట, వ్యానులో నుంచి,
సోమవారం

అత్తా,

ఈ ఉత్తరం మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే అది స్టీరింగు తప్పు కాదు.

నువ్వు చెప్పినట్టే అన్నీ, నెల పట్టింది. వెల్డింగు మేస్త్రి పలక వేస్తుంటే మేమంతా చేతులు కళ్ళకు అడ్డం పెట్టుకుని నిలబడ్డాం, పూజ చేస్తున్నట్టు. తాడు లాగిన రోజు వీధంతా చూడడానికి వచ్చింది. నలుగురు నాలుగు మూలలా, దుప్పటి పిండేటప్పుడు ఎలా లాగుతారో అలా బిగించి పట్టారు. ఆ పని మాకంటే బాగా ఎవరికొస్తుంది? మర దగ్గరికి వచ్చాక వదిన రెంచి నా చేతికిచ్చింది. "నువ్వే తిప్పు. రవ్వంత" అంది. నేను రవ్వలో సగమే తిప్పాను. చూశావా?

పరీక్ష శుక్రవారం అయింది. అదే ఇన్‌స్పెక్టరు. నన్ను గుర్తుపట్టి నిట్టూర్చాడు. సీట్లో కూర్చుని ఊపాడు. రెండు వేళ్ళు. మళ్ళీ ఊపాడు, నమ్మలేక. ఇంకో మనిషిని కిందికి పంపాడు. ఆయన పలక మీద సుత్తితో కొట్టి చూసి, పైకి వచ్చి తల ఊపాడు. ఇన్‌స్పెక్టరు తనే మైదానమంతా తిప్పాడు, ఎనిమిదంకె వేశాడు, దిగాడు. డాష్‌బోర్డు మీది వాక్యం చదివి "ఇది తుడిచేయండి, అద్దంలో మెరుస్తోంది" అన్నాడు. నాకు మంట లేచింది. వదిన నా జడ పట్టుకుంది. "సరే సార్" అన్నాను! అత్తా, నేను! ఆయన ముద్ర వేశాక సుద్ద తుడిచి అదే వాక్యం వెనక తలుపు మీద రంగుతో రాయించాను. అది అద్దంలో మెరవదు.

ఇవాళ పొద్దున ఏడుగురం ఎక్కాం. ఇస్త్రీ పెద్దమ్మ స్టూలుతో సహా ఎక్కింది. ఆస్పత్రి వెనక గేటుకు వచ్చేసరికి కాంట్రాక్టరు కొత్త వ్యాను మా వెనకే వచ్చి ఆగింది. ఆయనే పక్క సీట్లో. మైల దుప్పట్లు ఎత్తుకోవడానికి వచ్చాడు, గడువు అయిపోయిందనుకుని. హారన్ మీద హారన్. ఆ గేటు నీకు తెలుసు. ఇరుకు, తిరిగీ తిరగగానే ఎడమకు గోడ. నా చేతులు చక్రం మీద రాయిలా బిగుసుకున్నాయి. నాకు స్తంభం గుర్తొచ్చింది.

పక్కన వదిన ఒక వేలు నా చేతి మీద పెట్టింది, అంతే.

తిప్పాను. గోడ దగ్గరికి వచ్చింది. పట్టు వదులు చేశాను.

వచ్చిందత్తా. చక్రం నా అరచేతుల కింద నుంచి తనంతట తాను జారుకుంటూ తిన్నగా వచ్చింది, పిలవకుండానే. వెనక నుంచి ఐదుగురూ ఒకేసారి అరిచారు. స్టోర్సు ఆఫీసరు బయటికి వచ్చాడు, నవ్వలేదు. లోడు మాకే ఎత్తించాడు. కాంట్రాక్టరు వ్యాను రివర్సులో వెళ్ళాల్సి వచ్చింది. ఆయన డ్రైవరుకు వెనక్కి తీయడం రాలేదు. వదిన దిగి, "కుడికి, కుడికి, ఇంకొంచెం, తిప్పు, ఆపు" అని దారి చూపించి పంపింది.

నీ మేనకోడలు,
మన వ్యాను డ్రైవరు

*

డిపో నుంచి,
శుక్రవారం

మన వ్యాను డ్రైవరు గారికి,

పెట్టుకున్న నాలుగు రోజుల సెలవు మంజూరైంది. ఆదివారం పొద్దుటి బస్సుకు దిగుతాను. బస్టాండుకు వ్యాను తీసుకురా. మోకాలు బాగాలేదు కాబట్టి నన్ను ముందు సీట్లో, కిటికీ వైపు కూర్చోబెట్టాలి. వదినను మధ్యలో కూర్చోబెట్టు, నువ్వూ నేనూ కొట్టుకోకుండా.

స్టీరింగ్ ముట్టుకోను. ఊరికే పక్కన కూర్చుని చూస్తాను. ఒక్క సలహా ఇవ్వను.

నేను స్టీరింగ్ గురించి అబద్ధమాడడం ఇదే మొదటిసారి.

మీ అత్త